మూసీ ఒడ్డు నుంచి నౌబత్ పహాడ్ దాకా: హైదరాబాద్ మ్యూజియంల కాలినడక

ముందు శుక్రవారం సంగతి తేల్చుకోవాలి. ఢిల్లీ నేషనల్ మ్యూజియంకి సెలవు సోమవారం. ఆ లెక్కతో హైదరాబాద్ వస్తే దెబ్బతింటారు. సాలార్‌జంగ్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, చౌమహల్లా, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, ఈ నాలుగూ మూసేది శుక్రవారమే. గురువారం దిగి శుక్ర, శనివారాల్లో చూద్దామనుకుంటే ఒక రోజు చేజారినట్టే. ఆదివారం తెరిచే ఉంటాయి గానీ, సాలార్‌జంగ్‌లో టికెట్ వరుసకే చాలా సమయం పోతుంది. సోమవారం మొదలుపెట్టి గురువారంతో ముగించడం అన్నిటికన్నా మేలు.

ఈ నడకకు ఒక వరుస ఉంది, దాన్ని మార్చకుండా నడిస్తేనే అర్థం ఉంటుంది. మొదటి రోజు ఒక దివాన్ కుటుంబం లోకమంతా తిరిగి కొన్నవి. రెండో రోజు పాలకుల ఇంట్లో మిగిలినవి, వాళ్లకు కానుకలుగా వచ్చినవి. మూడో రోజు ఈ నేలను తవ్వితే బయటపడినవి. చాలామంది సాలార్‌జంగ్ చూసి ‘హైదరాబాద్ మ్యూజియం అయిపోయింది’ అనుకుని వెళ్లిపోతారు. నిజానికి తెలుగు నేల కథ మూడో రోజే మొదలవుతుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడకకు మంచి కాలం. అయితే బడిపిల్లల విహారయాత్రలు వచ్చేదీ ఆ నెలల్లోనే. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం పాతబస్తీలో నడవడం ఎవరికీ మంచిది కాదు. లీటరు నీళ్ల సీసా, తేలికగా విడిచి తొడుక్కోగల చెప్పులు, తల కప్పుకోవడానికి ఒక దుపట్టా లేదా కండువా ఉంచుకోండి. పెద్ద సంచి వద్దు. చాలాచోట్ల దాన్ని గేటు దగ్గరే అప్పగించాలి, సాయంత్రం తిరిగి తీసుకోవడానికి మళ్లీ నిలబడాలి.

మొదటి రోజు: సాలార్‌జంగ్, అదొక్కటే

మెట్రో ఎరుపు లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడవండి. మెల్లగా నడిచినా అరగంట పట్టదు. నయాపూల్ వంతెన ఎక్కేముందు కుడివైపు ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారు. ఆ వరద సంగతి రేపు మరోచోట కూడా వస్తుంది, గుర్తుంచుకోండి. వంతెన మీద ఉన్నప్పుడు కుడివైపు ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. దాటగానే ఎడమకు తిరిగితే నది పక్కనే మ్యూజియం.

వంతెన దిగేచోట రోడ్డు దాటడమే ఈ రోజు నడకలో కష్టమైన పని. బస్సులు, ఆటోలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. ఒంటరిగా తెగించకుండా నలుగురు కదిలినప్పుడు వాళ్లతో కలిసి దాటండి.

లోపలికి వెళ్లేముందు మనుషుల లెక్క తెలిసుండాలి. సాలార్‌జంగ్ అంటే ఒక్కరు కాదు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, ఆయన కొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్, మనవడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, ముగ్గురూ హైదరాబాద్ ప్రధానులుగా పనిచేశారు. సేకరణలో ఎక్కువ భాగం మూడో ఆయనది. 1912లో ప్రధాని అయి, 1914లో పదవి వదిలి, ఆ తర్వాత బతుకంతా వస్తువులు కొనడానికే పెట్టారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయారు. 1951 డిసెంబర్ 16న ఆయన సొంత ఇల్లు దివాన్ దేవ్డీలోనే మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పుడున్న భవనానికి వచ్చింది. భారతీయ విభాగం మధ్య భవనంలో, యూరప్ వస్తువులు పశ్చిమ భవనంలో, చైనా, జపాన్ వస్తువులు తూర్పు భవనంలో ఉంటాయి. పక్క భవనాలు రెండిటికీ తాత పేరు, తండ్రి పేరు పెట్టారు.

గేటు తెరిచే వేళకే చేరుకుని, వేరే ఏదీ చూడకుండా నేరుగా ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. పదకొండు దాటితే ఆ గది నిండిపోతుంది. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ ఇది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. చాలామంది ఆ సంవత్సరాన్నే చెక్కిన ఏడాది అనుకుంటారు. అది కొన్న ఏడాది. బెంజోని 1873లోనే చనిపోయాడు. ఈ బొమ్మను ఆయన ఒకటికి మించి చేశాడు, అమెరికా మ్యూజియంలలోనూ కొన్ని ఉన్నాయి.

ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని కదిలిపోతే ఆ పనితనం అందదు. పక్కకు జరిగి, ముఖం మీదుగా వెలుతురు ఏటవాలుగా పడే చోట నిలబడండి. ముసుగు మడతల అంచులు సన్నగా, పదునుగా లేచి ఉంటాయి. వాటి మధ్య కళ్లు, ముక్కు, పెదవులు మాత్రం పదును లేకుండా, కాస్త కరిగినట్టు చెక్కి ఉంటాయి. పదునైనది ముందున్నట్టు, మెత్తనిది వెనకున్నట్టు మన కన్ను భ్రమపడుతుంది. ఒకే రాయిలో బట్టా, బట్ట వెనక ముఖమూ కనబడటానికి కారణం అదే. ఫ్లాష్ వాడనివ్వరు. వాడనిచ్చినా వాడొద్దు, ఎదుటి నుంచి పడే వెలుగు మడతల నీడలను చెరిపేస్తుంది.

అక్కడి నుంచి జంట బొమ్మకు. ముందు సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా. జర్మన్ కవి గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని పాత్రలు. ఒకే సికమోర్ చెక్క దుంగలో రెండు వైపులా చెక్కారు. అతను తల ఎత్తుకుని మిడిసిపడుతుంటాడు, ఆమె చేతిలో ప్రార్థన పుస్తకంతో తల వంచుకుని ఉంటుంది. వెనక అద్దం పెట్టారు కాబట్టి రెండూ ఒకేసారి చూడొచ్చు, కాని అందరూ బొమ్మకు ఎదురుగా గుమిగూడి అద్దంలో తమ తలలే చూసుకుంటారు. కొంచెం ఐమూలగా నిలబడితే ఇద్దరూ స్పష్టంగా కనిపిస్తారు. బట్టల మడతలు ముందు నుంచి వెనక్కి ఎక్కడ మారుతున్నాయో భుజం దగ్గర వెతకండి, శిల్పి తెలివి అక్కడే ఉంది.

పదకొండుకు పది నిమిషాల ముందు సంగీత గడియారం దగ్గర ఉండాలి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ అమర్చినది. గంట కొట్టడానికి కాస్త ముందే గడ్డం ఉన్న బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికి వస్తాడు, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. సరిగ్గా గంటకు చేరుకున్నవాళ్లకు అతను బయటికి రావడం కనిపించదు. జనమంతా పన్నెండు దెబ్బల కోసం మధ్యాహ్నం చేరతారు, పదకొండుకు కొంచెం పలచగా ఉంటుంది. పక్కనే సెకన్ల లెక్కన సుత్తి కొట్టే కమ్మరి ఉంటాడు. పిల్లలు అతన్నే ఎక్కువసేపు చూస్తారు, వాళ్ల ఎంపిక సరైనదే.

ఈ మూడూ అయ్యాక జనం పలచబడే గదులకు వెళ్లండి. పచ్చరాతి గదిలో, అంటే జేడ్ గదిలో, కనీసం అరగంట ఉండాలి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి, షాజహాన్ విలుకాడి ఉంగరం అక్కడే. జేడ్ రాయి ఉక్కు ఉలికి లొంగదు. దానికన్నా గట్టి రాతిపొడిని నీళ్లతో కలిపి రోజుల తరబడి అరగదీయాలి. ఒక పలచటి గిన్నె అంచును దీపం వైపు నుంచి చూస్తే వెలుతురు దాటి వస్తుంది. ఆ పలచదనం వెనక ఎంత ఓపిక ఉందో అప్పుడు తెలుస్తుంది.

బిద్రీ సామాన్ల దగ్గరా ఆగండి. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహంతో పాత్ర పోసి, దాని మీద గాళ్లు చెక్కి వెండి తీగ, వెండి రేకు కొట్టి దిగ్గొడతారు. ఆ తర్వాత బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. అందుకే నలుపు మీద తెలుపు అంత తేటగా ఉంటుంది. వస్త్రాల గది మసకగా ఉందని విసుక్కోవద్దు. పాత బట్టకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటిన వెలుతురు చేటు, రంగు పోతే మళ్లీ రాదు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే కన్ను అలవాటు పడుతుంది. హిమ్రూ, పైఠణీ నేతలతో పాటు మష్రూ ఉందేమో చూడండి. పైకి పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు. పట్టు ఒంటికి తగలకూడదనే నియమం పాటించే ముస్లింల కోసం పుట్టిన నేత అది.

భోజనం తర్వాత పశ్చిమ భవనం. ఫ్రాంచెస్కో హయేజ్ గీసిన సబ్బు బుడగల పిల్లవాడి చిత్రాన్ని వదలొద్దు. గాజు, కుర్చీలు, పింగాణీ చకచకా చూసేయొచ్చు. కాళ్లలో ఓపిక ఉంటే తూర్పు భవనం, లేకపోతే వదిలేయండి. అన్నీ చూడాలని ఒకే రోజు మూడు భవనాలూ తిరిగినవాళ్లకు మూడో భవనంలో ఏం చూశారో రాత్రికి గుర్తుండదు.

రెండో రోజు: ఆషుర్‌ఖానా, పురానీ హవేలీ, చౌమహల్లా

మొత్తం నడక నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ, కాని మలుపులు ఎక్కువ. ఉదయం తొమ్మిదికి మదీనా బిల్డింగ్ దగ్గర మొదలుపెట్టండి.

అక్కడికి దగ్గర్లోనే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. ఇది మ్యూజియం కాదు, మొహర్రంలో ఆలంలు, అంటే పీర్లు, నిలిపే పవిత్ర స్థలం. చెప్పులు విడవాలి, తల కప్పుకోవాలి, ఫోటో తీసేముందు అక్కడి పెద్దలను అడగాలి. మొహర్రం రోజుల్లో యాత్రికుల్లా వెళ్లకండి. 1590ల్లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. గోడల మీది పలకల పని 1611 నాటిది. పలక మీద బొమ్మ గీసిన పని కాదు ఇది. పసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగు పలకలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదానికొకటి పట్టేలా పేర్చారు. కిందికి వచ్చేకొద్దీ కొన్నిచోట్ల మెరుపు పోయి, రంగు పూసిన గోడ కనిపిస్తుంది. నిన్న చింతచెట్టు దగ్గర చెప్పుకున్న 1908 వరద చేసిన పని అది. రాలిపోయిన పలకల చోట అదే నమూనాను రంగులతో నింపారు. అసలు పలక ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మొదలైంది అనే గీతను వెతకండి. ఊరి చరిత్ర ఇంత సూటిగా గోడ మీద కనబడే చోటు హైదరాబాద్‌లో మరొకటి లేదని నా నమ్మకం.

పత్తర్‌గట్టి దాటి మీర్ ఆలం మండీ గుండా తూర్పుకు నడిస్తే పురానీ హవేలీ. మండీ ఉదయంపూట కూరగాయల బళ్లతో కిక్కిరిసి ఉంటుంది. సెల్‌ఫోన్‌లో దారి చూసుకుంటూ నడవడం కుదరదు, ‘పురానీ హవేలీ కిధర్’ అని అడగడమే సులువు. నిజాం మ్యూజియం చిన్నది, గంటన్నర చాలు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాతికేళ్ల పాలన ఉత్సవాలకు వచ్చిన కానుకలు ఇక్కడున్నాయి. ఆయన గద్దెనెక్కింది 1911లో, ఉత్సవం జరిగింది 1937లో. వెండితో చేసిన భవనాల నమూనాలు, అత్తరు పెట్టెలు, ఆ ఉత్సవంలో ఆయన కూర్చున్న బంగారు పూత సింహాసనం చూడండి. ఆ సింహాసనం వేసిన హాలు రేపు పబ్లిక్ గార్డెన్స్‌లో కనిపిస్తుంది. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా కూడా ఈ సేకరణలోదే. 2018 సెప్టెంబర్‌లో దాన్ని దొంగిలించారు, పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా. బీరువా అనడమే గానీ, అది పొడవాటి హాలు. రెండు పక్కలా, రెండు అంతస్తుల్లో బర్మా టేకు అరలు. పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని చెప్పుకుంటారు. ఆ హాలు పొడవునా నడిస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. ఆయన చెప్పులో ఉండిపోయిన జాకబ్ వజ్రాన్ని కొడుకు కాగితాల మీద బరువుగా వాడుకున్నాడు. 1995లో నిజాం నగలతో పాటు దాన్నీ భారత ప్రభుత్వం కొనేసింది. ఇక్కడ దాని కోసం వెతకొద్దు.

వచ్చిన దారినే వెనక్కి తిరిగి గుల్జార్ హౌజ్, చార్‌కమాన్ మీదుగా చార్మినార్ చేరండి. మధ్యాహ్నం ఎండలో మినార్ ఎక్కే పని పెట్టుకోకండి, కింద ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ తీసుకుని కాసేపు కూర్చోండి. భోజనానికి మదీనా వైపు హోటళ్లలో బిర్యానీ ఉంది. శాకాహారులకు చార్‌కమాన్ పరిసరాల్లో దోసె, ఇడ్లీ దొరుకుతాయి. లాడ్ బజార్‌లో గాజుల కొట్లు ఎంత పిలిచినా చౌమహల్లా అయ్యాక రండి. ముందు దూరితే రెండు గంటలు తెలియకుండా పోతాయి, చౌమహల్లా అయిదుకే మూసేస్తారు.

లాడ్ బజార్ చివర మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాటి ఖిల్వత్ వైపు మళ్లితే చౌమహల్లా. పద్దెనిమిదో శతాబ్దం నడుమ మొదలై, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో 1857కూ 1869కీ మధ్య పూర్తయిన మహలు. దర్బారు హాలులో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. పైకే చూస్తూ నడిస్తే పాలరాతి గద్దె వేదికను తన్నుకుంటారు. హాలు కట్టడంలోని సున్నపు పని పైకప్పు అంచుల దగ్గర బాగా కనబడుతుంది. చాలా ఏళ్లు పాడుబడి ఉన్న మహలును కష్టపడి నిలబెట్టారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ గుర్తింపు దక్కింది. వెనక ప్రాంగణంలో కార్లు, ముఖ్యంగా పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. మూడున్నర తర్వాత తోటలోని నాలుగు మహళ్ల మీద ఎండ మెత్తబడుతుంది, ఫోటోలకు మంచి సమయం అదే.

మూడో రోజు: పబ్లిక్ గార్డెన్స్ నుంచి కొండ మీదికి

అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. తోటలోకి వెళ్లగానే జూబ్లీ హాలు ఏదో చూసుకోండి, నిన్నటి సింహాసనం తన చోటు ఇక్కడ వెతుక్కుంటుంది. అక్కడి నుంచి స్టేట్ మ్యూజియం. భవనం మొదట చూసేవాళ్లకు కాస్త వెలవెలబోయినట్టు అనిపించవచ్చు. రాసిన చీటీలు కొన్నిచోట్ల మరీ క్లుప్తంగా ఉంటాయి. అందుకే వెళ్లేముందే కొంచెం తెలుసుకుని వెళ్లాలి.

జనం మమ్మీ కోసం వస్తారు. నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ అది, ఏడో నిజాం చేతుల మీదుగా మ్యూజియానికి వచ్చింది. మన వాతావరణపు తేమకు అది పాడవడం మొదలైతే 2016లో సీటీ స్కాన్ తీసి, ఆ తర్వాత నత్రజని నింపిన పెట్టెలో ఉంచారు. ఆక్సిజన్ లేనిచోట పురుగూ బూజూ బతకవు. అయిదు నిమిషాలు చూసి ముందుకు కదలండి.

అసలు సంపద బౌద్ధ శిల్పాల్లో, అజంతా గుహచిత్రాల నకళ్లలో ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో తోరణాల దూలాలు, బుద్ధుడి కథలు చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి కాలంలో రాజవైద్యుడొకరు అక్కడ ధర్మచక్రం నిలిపినట్టు శాసనం ఉంది. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చాయి. అంతటి పనిని మన దగ్గర గుంపు లేకుండా, తీరిగ్గా చూసే అవకాశం ఉన్నా వాడుకునేవాళ్లు తక్కువ. తోరణపు పలకను కుడి నుంచి, ఎడమ నుంచి రెండుసార్లు చదవండి. కథ ఎటు నడుస్తుందో గుర్రాలు, ఏనుగుల ముఖాలే చెబుతాయి.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోది. 1909 నుంచి 1911 దాకా ఇంగ్లండ్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ అక్కడ నకళ్లు గీయించినప్పుడు నందలాల్ బోస్ వంటివారితో పాటు హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్ కూడా పనిచేశాడు, తర్వాత అజంతా బాధ్యతే చూశాడు. 1920లో గులాం యజ్దానీ పురావస్తు శాఖ అధిపతిగా ఉన్నప్పుడు చెక్కోని, ఒర్సీని అనే ఇటలీ నిపుణులను రప్పించారు. ఊడిపోతున్న రంగు పొరలను వాళ్లు గోడకు అతికించి కాపాడారు. అయితే పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, చిత్రాలను మసకబార్చింది. అందుకే పాత నకళ్లకు విలువ. గుహలో ఇప్పుడు కనబడని రేఖ కొన్నిచోట్ల ఇక్కడి కాగితం మీద మిగిలి ఉంటుంది. అజంతా వెళ్లబోయేవాళ్లు ముందు ఈ గదిలో గంట గడిపి వెళితే గుహ చీకట్లో ఏం వెతకాలో తెలుస్తుంది.

నాణేల గది ఇష్టమున్నవాళ్లకు మరో గంట పడుతుంది, లేనివాళ్లు దాటేయవచ్చు. కంచు విగ్రహాలు మాత్రం చూడాలి.

మధ్యాహ్నం అసెంబ్లీ ముందు నుంచి ఆదర్శనగర్ వైపు వెళ్లి నౌబత్ పహాడ్ ఎక్కండి. దారిలో రవీంద్రభారతి ఆవరణలోని ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) చిత్రకళా గ్యాలరీలో ఆ వారం ప్రదర్శన ఏదైనా ఉందేమో తొంగిచూడండి. ఎక్కుడు పావుగంటే గానీ నిట్టనిలువుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆటో తీసుకోవాలి. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ యుగపు జంతువు. ఒక్క జంతువు ఎముకలు కావివి, కనీసం 12 జంతువులవి, మొత్తం 840 భాగాలు దొరికాయి. తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లే దొరికాయి. కాబట్టి మీరు చూసే పుర్రె ఊహించి చేసినది. యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త 1988లో దీనికి పేరు పెట్టి లోకానికి తెలియజేశారు. అదే ఆవరణలో నిర్మలా బిర్లా ఆధునిక చిత్రకళా గ్యాలరీ ఉంది, దానికి ముప్పావుగంట చాలు.

పైన బిర్లా మందిరంలోకి ఫోను, కెమెరా రానివ్వరు, కౌంటర్‌లో ఇవ్వాలి. సూర్యాస్తమయపు ఫోటో కావాలంటే సైన్స్ మ్యూజియం వైపు నుంచే ముందుగా తీసుకోండి.

నాలుగో రోజు: ముందుగా అడిగి వెళ్లే ఇల్లు

ఇది సగం రోజే. దోమలగూడ గగన్‌మహల్ రోడ్డులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం ఉంది. లిబర్టీ కూడలి నుంచి నడిచి వెళ్లొచ్చు. చిత్రకారులైన ఆ దంపతులు కళాపోషకుడు బద్రీవిశాల్ పిట్టీ పిలుపుతో 1951లో హైదరాబాద్ వచ్చారు, 1976లో తమ సేకరణతో ఈ మ్యూజియం పెట్టారు. దక్కనీ సూక్ష్మచిత్రాలు, బిద్రీ, వస్త్రాలు, తెలంగాణ పల్లెల పటచిత్రాలు ఉన్నాయి. నేరుగా వెళితే తలుపు తీయరు. కనీసం వారం ముందు అడిగి సమయం తీసుకోవాలి. ఏం చూడాలనుకుంటున్నారో ముందే చెబితే, దాన్ని బయటకు తీసి ఉంచే వీలు వాళ్లకు ఉంటుంది. సూక్ష్మచిత్రాల ముందు పెన్ను పట్టుకోవద్దు, పెన్సిల్‌తోనే రాసుకోండి. సాలార్‌జంగ్‌లో బిద్రీ చూసిన కన్నుతో ఇక్కడి పాత్రలను పోల్చి చూడండి, వెండి తీగ మందంలో తేడా చటుక్కున పట్టుబడుతుంది. మధ్యాహ్నం ఖాళీ ఉంటే మాసబ్‌ట్యాంక్ సంక్షేమ భవన్‌లోని గిరిజన మ్యూజియానికో, మెట్రోలో మాదాపూర్ వైపు వెళ్లి స్టేట్ ఆర్ట్ గ్యాలరీకో వెళ్లొచ్చు. రెండూ ఒకే మధ్యాహ్నం కుదరవు. గ్యాలరీలో ప్రదర్శనలు మారుతుంటాయి, ఒక దానికీ మరో దానికీ నడుమ గోడలు ఖాళీగా ఉండే రోజులూ ఉంటాయి కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి.